మద్యవ్యసన విముక్తికి తోడు: కమలాపూర్, సిరొంచ ప్రాంతముల తెలుగువారికి సహాయక సంఘముల పరిచయము

మన ప్రాచీన నీతిశాస్త్రములు మద్యపానమును సప్తవ్యసనములలో నొకటిగా గణించినవి. సంస్కృతమున వ్యసనమను పదమునకు చెడు అలవాటు అనియు, ఆపద అనియు రెండర్థములు గలవు. మహాభారతమున మౌసలపర్వమునందు దీనికి తగిన వృత్తాంత మొకటి యున్నది. ఋషిశాపమునకు భయపడిన యాదవులు ద్వారకలో సుర కాచువారికి కఠినశిక్ష విధింతుమని చాటించిరి. పట్టణమున నిషేధము నిలిచినది. కాని వారే ప్రభాసతీర్థమునకు పోయి, అచట మితిమీఱి త్రాగి, మాటకు మాట పెరిగి, ఒకరినొకరు చంపుకొనిరి. ఎల్లకు లోపల శాసనము, ఎల్ల దాటిన పిదప పానపాత్ర. ప్రాణహిత యొడ్డున నివసించువారికి ఈ కథ యెంతమాత్రమును క్రొత్తది కాదు.

శాసనము మద్యమును దూరము చేయగలదు గాని, మద్యమునకు లొంగిన మనుష్యుని బాగుచేయుట దానికి సాధ్యము కాదు. ఆ పని వైద్యునిది, కుటుంబముది, అన్నిటికి మించి అదే మార్గమున నడచి బయటపడిన తోడివారిది. అట్టి తోడివారి కూటమినే సహాయక సంఘమందురు. అది యెక్కడ దొరకును, మంచిదానిని గుర్తించుట యెట్లు, దొరకనిచోట ఏమి చేయవలెను అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ప్రాంతము, ప్రజలు

కమలాపూర్ గడ్చిరోలి జిల్లా అహేరి తాలూకాలోని అటవీగ్రామము. అటవీశాఖవారి ఏనుగుల శిబిరము వలన ఈ యూరి పేరు మహారాష్ట్రమంతట తెలిసినది. దీనికి దక్షిణముగా సిరొంచ తాలూకా గలదు. సిరొంచ పట్టణము ప్రాణహితానది యొడ్డున, ఆ నది గోదావరిలో కలియు చోటికి చేరువలో నున్నది. ఆవలి యొడ్డు తెలంగాణము. 1860 తరువాత కొంతకాలము సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణముగా నుండి, ఆ జిల్లా రద్దైన పిదప చాందా జిల్లాలో చేరినది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. ఇచటి యిండ్లలో తెలుగు, మాడియా గోండి, మరాఠీ మూడును వినవచ్చును. కార్యాలయపు భాష మరాఠీ. పెక్కు కుటుంబములలో దుఃఖము చెప్పుకొను భాష తెలుగు. ఈ తేడా మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైనదని ముందు తెలియగలదు.

నిషేధము చేసినది, చేయలేనిది

వైద్యదంపతులైన అభయ్ బంగ్, రాణీ బంగ్ గారలు గడ్చిరోలిలో 'సెర్చ్' అను సంస్థను నెలకొల్పి గ్రామారోగ్యము కొఱకు పనిచేయ నారంభించిన కొలది కాలమునకే, మద్యము ఆ జిల్లా ప్రజలను పీడించు ముఖ్యసమస్యలలో నొకటి యని స్పష్టమైనది. దారూముక్తి పేరుతో గ్రామములందు ఉద్యమము నడచినది. స్త్రీలు దానికి బలమైరి. తత్ఫలితముగా 1993లో జిల్లాయంతట మద్యనిషేధము అమలులోనికి వచ్చినది. మహారాష్ట్రమున వార్ధా జిల్లాలో అంతకు పూర్వమే నిషేధ ముండెను. చంద్రపురము జిల్లాలో 2015లో విధింపబడిన నిషేధము 2021లో తొలగింపబడినది. గడ్చిరోలిలో మాత్రము నేటికిని నిలిచియున్నది.

తెలుగునాట చరిత్ర వేఱు త్రోవ పట్టినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. ఆ గాలి రాష్ట్రమంతట వీచినది. 1993 అక్టోబరు 1 నుండి సారాయి, 1995 జనవరి నుండి సమస్తమద్యము ఆంధ్రప్రదేశమున నిషేధింపబడినవి. 1997లో సంపూర్ణ నిషేధము సడలింపబడినది. కావున నేడు ప్రాణహితకు ఈవల నిషేధము, ఆవల బహిరంగ విక్రయము నున్నవి. నది దాటుట పూటపని. అడవిలో ఇప్పపూవునకు కొదువ లేదు. తాటిచెట్టు, ఈతచెట్టు ఊరి ప్రక్కనే యున్నవి.

నిషేధము వలన మేలు కలుగలేదనుట పొరపాటు. దుకాణము కనబడకపోవుట వలన పిల్లవాడు త్రాగుడు నేర్చుకొను అవకాశములు తగ్గును. వ్యసనము మానిన వానికి దారిలో ప్రలోభము తగ్గును. కాని దీనికి మఱొక ముఖము గలదు. నిషేధమున్న జిల్లాలో "నేను త్రాగుచున్నాను, మానలేకున్నాను" అని చెప్పుకొనుట రోగమును చెప్పుకొనుటయే కాక నేరమును ఒప్పుకొనుటగా కూడ తోచును. అందుచేత రోగి దాగును, భార్య దాచును, పిల్లలు బడిలో మౌనము వహింతురు. రహస్యము కాపాడెడి సంఘమొకటి ఉండుట ఇతర జిల్లాలలోకంటె ఇచట మఱింత అవసరమగుటకు ఇదియే కారణము.

వ్యసనము రోగమెట్లు?

బుద్ధిబలముతో మానవచ్చును గదా యని అనేకు లందురు. కొంత త్రాగువారి విషయమున నది నిజము కావచ్చును. కాని దీర్ఘకాలము నిత్యము త్రాగినవాని మెదడు మద్యమునకు అలవడును. మద్యము మెదడు చురుకును అణచుచుండగా, మెదడు దానికి ఎదురుగా తన చురుకును పెంచుకొనును. మద్యము హఠాత్తుగా ఆగినపుడు అణచునది లేక ఆ చురుకు కట్టతెగిన చెఱువు వలె విజృంభించును. కొలది గంటలలో చేతులు వణకుట, చెమట, వాంతి, నిద్రలేమి కలుగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము లోపల కొందరికి లేనివి కనబడుట, దిక్కు తెలియకపోవుట, జ్వరము, గుండెదడ సంభవించును. చికిత్స లేనిచో ప్రాణాపాయము.

కావున పెండ్లాముబిడ్డల మీద ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళము వేయుట మిక్కిలి ప్రమాదకరము. ప్రతిదినము త్రాగువాడు, ఉదయము లేవగానే త్రాగనిదే చేయి నిలువనివాడు, పూర్వము మూర్ఛ వచ్చినవాడు మానదలచినచో ముందుగా వైద్యుని చూడవలెను. వైద్యుడు మెదడు ఉద్రేకమును నెమ్మదింపజేయు ఔషధములను, బి1 విటమినును ఇచ్చి, కొలది దినములలో ఈ గండమును దాటింపగలడు. సంఘము పని తరువాత మొదలగును. ఔషధము శరీరమును మద్యమునుండి విడిపించును. నెలలు గడచిన పిమ్మట సాయంసంధ్య వేళ మనస్సు మరల లాగునపుడు పట్టుకొను చేయి సంఘముది.

మఱొక హెచ్చరిక కూడ అవసరము. భర్తకు తెలియకుండ అన్నములో కలుపుటకు మాత్రలు తెచ్చుకొను స్త్రీలు పెక్కురు గలరు. డైసల్ఫిరామ్ అను ఔషధము శరీరమున నుండగా మద్యము త్రాగినచో ముఖము ఎఱ్ఱబడి, వాంతులై, రక్తపుపోటు పడిపోవును, ప్రాణము పోవచ్చును. ఆ ఔషధము రోగి తెలిసి, ఒప్పుకొని, వైద్యుని పర్యవేక్షణలో తీసికొనదగినదే గాని దొంగచాటుగా పెట్టదగినది కాదు.

సంఘము పుట్టిన విధము

ఇట్టి సంఘములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా పేరు చెప్పుకొనని మద్యవ్యసనుల కూటమి. దాని పుట్టుక ఒక అన్వేషణముతోనే మొదలైనది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అను న్యూయార్కు వ్యాపారి అమెరికాలోని ఏక్రన్ నగరమునకు వచ్చెను. ఆయన అప్పటికి కొన్ని నెలలుగా మద్యము మానియుండెను. వచ్చిన పని చెడినది. హోటలు చావడిలో ఒంటరిగా నిలిచియుండగా ఒక ప్రక్క మద్యశాల సందడి, ఒక ప్రక్క టెలిఫోను. ఆయన టెలిఫోను వైపు నడచి, పట్టణములోని మతాచార్యులకు ఫోను చేసి, తనవంటి వ్యసని ఎవరైన నున్నారా యని విచారించెను. ఆ విచారణ ఫలితముగా డాక్టరు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యునితో పరిచయమైనది. ఇద్దరును గంటలకొలది మాటలాడుకొనిరి. ఆ వైద్యుడు చివరిసారి త్రాగిన 1935 జూన్ 10వ తేదీని సంఘము తన జన్మదినముగా పాటించుచున్నది.

ఇందు గమనింపదగిన దేమన, విల్సన్ వెదకినది తనకు బుద్ధి చెప్పువానిని కాదు. తానే సహాయపడదగిన తోటి వ్యసనిని. ఇతరునికి చేయూత నిచ్చుటచే తాను నిలువగలుగుట ఈ పద్ధతి యొక్క మూలసూత్రము. సంఘమున చేరుటకు త్రాగుడు మానవలెనను కోరిక యొక్కటియే అర్హత. చందా లేదు, పేరు వ్రాసికొనుట లేదు. 1951లో త్రాగువారి కుటుంబీకులకై ఆల్-అనాన్ అను వేఱు సంఘము ఏర్పడినది. భారతదేశమున ఈ కూటములు 1957 నుండి నడచుచున్నవి. హైదరాబాదు, నాగపురము వంటి నగరములలో నివి గలవు.

ఈ పద్ధతి ఫలించునా యను ప్రశ్నకు 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష సమాధానమిచ్చినది. 27 అధ్యయనములను, పదివేలకు పైగా రోగుల వృత్తాంతములను పరిశీలించి, వ్యసనులను ఈ సంఘములకు క్రమముగా చేర్చు చికిత్స, మద్యమును పూర్తిగా మానియుండుట విషయమున, ఇతర చికిత్సలకు తీసిపోక కొన్నిట మించినదని తేల్చినది. అయినను ఇది ఒక్కటే మార్గమని భావింపనక్కరలేదు. పూనాలో 1986లో అనిల్ అవచట్, సునందా అవచట్ దంపతులు స్థాపించిన ముక్తాంగణ్ వంటి కేంద్రములు వైద్యమును, సహవాసమును, కుటుంబశిక్షణమును కలిపి నడపుచున్నవి.

ఎచట వెదకవలెను?

మన దేశమున 2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వేక్షణము ప్రకారము మద్యమునకు పూర్తిగా లొంగిన ప్రతి 38 మందిలో ఒకరికి మాత్రమే ఏదేని చికిత్స లభించినది. లేకపోవుట ఒక కారణము; ఉన్నదాని త్రోవ తెలియకపోవుట రెండవది. కమలాపూర్ వాసికి తెరచియున్న త్రోవలు నాలుగు.

మొదటిది ముక్తిపథ్. మహారాష్ట్ర ప్రభుత్వము, టాటా ట్రస్టులు, సెర్చ్ సంస్థ కలిసి 2016లో గడ్చిరోలి జిల్లాకై ప్రారంభించిన మద్య, పొగాకు నియంత్రణ కార్యక్రమ మిది. గ్రామసంఘములను కూడగట్టుట, వ్యసనులకు చికిత్స కల్పించుట దీని పనులు. తాలూకా కేంద్రమగు అహేరిలోగాని సిరొంచలోగాని విచారించినచో చికిత్సాదినములు, శిబిరముల వివరములు తెలియగలవు. ఊరి ఆశా కార్యకర్తను అడుగుట సులభమార్గము.

రెండవది ప్రభుత్వ వైద్యశాల. అహేరి ఉపజిల్లా ఆసుపత్రి, సిరొంచ గ్రామీణ ఆసుపత్రి, గడ్చిరోలి జిల్లా ఆసుపత్రి వరుసగా ఆశ్రయింపదగినవి. తెలుగులోనే మాటలాడవలెనని కోరువారికి నది ఆవల వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాల గలవు. చికిత్స ముగించి వచ్చునపుడు "మా ఊరికి దగ్గరలో కూటమి ఏది?" అని అడిగి వచ్చుట మఱువరాదు.

మూడవది టెలిఫోను. వ్యసనవిముక్తికి కేంద్రప్రభుత్వము నడపు 14446, మానసికారోగ్యమునకు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ 14416 అను సంఖ్యలకు వెల లేకుండ మాటలాడవచ్చును. రెండవదాని యందు తెలుగు గలదు. కరోనా కాలమునుండి ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటములు పెక్కు అంతర్జాలము ద్వారా కూడ జరుగుచున్నవి. అడవిలో సంకేతము అందని గ్రామమువారు వారమున కొకసారి అంగడికి వచ్చినపుడైనను వీనిలో పాల్గొనవచ్చును.

నాలుగవది గ్రామసభ. 1996 నాటి పీసా చట్టము అనుసూచిత ప్రాంతములలోని గ్రామసభకు మత్తుపదార్థముల విక్రయ వినియోగములను నియంత్రించు అధికార మిచ్చినది. అమ్మువానిని ఆపుట ఆ సభ ధర్మము. త్రాగువానికి చికిత్స మార్గము చూపుట కూడ అదే సభలో నిర్ణయింపదగిన విషయము. జరిమానా విధించుటతో ముగించిన గ్రామమున వ్యసని మఱింత లోతుగా దాగును. గోండుల దేవకార్యములలో ఇప్పసారా నివేదనకు స్థానము గలదు. ఆ ఆచారమును హేళన చేసినవాడు ఆ సమాజమున ఒక్కనికైనను తోడ్పడజాలడు. నివేదన వేఱు, నిత్యదాస్యము వేఱు. ఈ భేదమును ఊరి పెద్దలే చెప్పినచో వినబడును.

మంచి సంఘమునకు గుర్తులు

దొరకిన ప్రతి కూటమియు మంచిదని నమ్మరాదు. మంచి సంఘము నిర్ణీతదినమున నిర్ణీతస్థలమున తప్పక జరుగును. అచట విన్నది అచటనే యుండును. రుసుము బలవంతముగా వసూలు చేయరు. "మూడు దినములలో బాగుచేయుదుము" అని హామీ నీయరు. వైద్యుని మందు మానుమని చెప్పరు. మరల త్రాగి వచ్చినవానిని తిట్టి వెళ్లగొట్టక, నిదానించిన పిదప రమ్మని పిలుతురు. కొత్తవానిని మాటలాడుమని నిర్బంధింపరు. కొట్టుట, గొలుసులతో కట్టుట చికిత్స కాదు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో బంధించుటను నిషేధించినది. వీనిలో ఏ యొక్కటి లోపించినను మఱొక సంఘమును వెదకవలెను. ఒక్క దినమున తీర్పు చెప్పక, నాలుగైదు పర్యాయములు వెళ్లి చూచుట మేలు.

దొరకనిచోట ఏర్పరచుకొనుట

ఊరిలో సంఘము లేనిచో ఇద్దరు చాలుదురు. ఒకరు మాని కొంతకాలమైనవారు, ఒకరు మానదలచినవారు. స్థలము పోలీసుఠాణాకు, సర్పంచి యింటికి, సారా దొరకు వాడకు దూరముగా నుండవలెను. బడి వరండా, చెట్టునీడ చాలును. అంగడి దినము సాయంకాలమును ఎంచుకొనుట యుక్తము. కూలిడబ్బు చేతికి వచ్చు ఆ వేళయే మనస్సు జాఱువేళ. కూర్చుండినపుడు ఒకరి తరువాత నొకరు తన సంగతి తాను చెప్పుకొనవలెను. ఇతరులు విందురు, సలహా లీయరు. గంటసేపు, ఒక టీ, మరల ఎన్నడు కలియుదుమను మాట. ఇంతే దీని తంత్రము.

భాష విషయమిచట ముఖ్యమగును. వ్యసని తన అవమానమును నేర్చుకొన్న భాషలో చెప్పుకొనజాలడు. మరాఠీ శిబిరమున పది దినములు మౌనముగా కూర్చుండినవాడు, తెలుగులో ఒక మాట చెప్పు అవకాశము కలిగినచో గంట మాటలాడును. అదే న్యాయము గోండికిని వర్తించును. కావున కూటమి మూడు భాషలకును చోటిచ్చి, చెప్పువాని భాషలో చెప్పనిచ్చి, అవసరమైనచోట మఱొకరు అర్థము చెప్పవలెను.

ఈ ప్రాంతపు సంవత్సరమున మూడు కాలములు జాగరూకత కోరును. ఇప్పపూలు రాలు ఫాల్గుణ చైత్రములు మొదటిది. తునికాకు కోతల డబ్బు ఒక్కసారిగా చేతికి వచ్చు వేసవి రెండవది. మిరపకాయ కోతకై తెలంగాణమునకు వలసపోవు కాలము మూడవది. వలసలో కూటమి దూరము, దుకాణము దగ్గర. పోవు గుంపులో మానినవారు ఇద్దరు జతగా నుండుట, వారమున కొకసారి ఊరిలోని తోడివారికి ఫోను చేయుట మంచి యేర్పాటు.

కుటుంబముయొక్క పని

త్రాగినవానితో రాత్రి వాదించుట వ్యర్థము. ఉదయము, మత్తు దిగిన పిదప, వాని గుణమును నిందింపక జరిగిన సంగతిని మాత్రము చెప్పవలెను. తమ్ముడు అన్నతో, "అన్నా, నిన్న రాత్రి నువ్వు గడపల పడితే పోరగాండ్లు బాగ భయపడ్డరు. ఎల్లుండి దవాఖానకు ఇద్దరం పోదాం" అన్నచో అందు నింద లేదు, త్రోవ యున్నది, తోడు కూడ నున్నది. వాని అప్పు తీర్చుట, పనికి రాని దినమున జ్వరమని అబద్ధము చెప్పుట ప్రేమవలె తోచినను వ్యసనమునకు పోషకములగును. ఇంట దెబ్బలు తగులుచున్నచో ఓర్పు ధర్మము కాదు. స్త్రీల సహాయ సంఖ్య 181ని, ఆపదలో 112ను పిలువవలెను. అతడు రాకున్నను భార్యయు తల్లియు తమ కూటమికి తాము పోవచ్చును. ఇంటిలో ఒకరు మారుట వలన మిగిలినవారికి దారి తెరచికొనును.

మరల త్రాగుట సంభవించినచో అంతయు వృథా యైనదని నిరాశ చెందరాదు. మధుమేహమువలె ఇదియు దీర్ఘకాలము కనిపెట్టుకొని యుండవలసిన రోగము. ఆరునెలలు మానినవాడు ఒక రాత్రి జాఱినచో ఆ ఆరునెలల ఆరోగ్యము, నేర్చిన పాఠము పోవు. మరునాడు ఉదయమే తోడివానికి చెప్పుట, వారమునాడు కూటమికి తిరిగి వచ్చుట చేయవలసిన పనులు. మఱల చాలకాలము నిత్యము త్రాగినచో మానుటకు ముందు వైద్యుని తప్పక చూడవలెను.

తెలుగు సంఘములు పండుగలు జరుపుట, గ్రంథములు ప్రచురించుట ప్రశంసనీయములు. వారమున కొక గంట ఒక గదియు, మాటలాడనిచ్చు ఒక తెలుగు చెవియు ఈ సరిహద్దు ప్రజలకు సమకూర్చుట కూడ ఆ సేవలో భాగమే. దానికి ధనము పెద్దగా అవసరము లేదు. గది తాళపుచెవి ఒకరి యొద్ద నుండి, వారము తప్పక ఆ తలుపు తెరచినచో చాలును.